ప్రాచీన ఇశ్రాయేలున యుద్ధబందీల పక్షము వహించిన నాయకులు

ప్రాచీన పశ్చిమాసియా రాజుల శాసనములయందు యుద్ధబందీలు సాధారణముగా సంఖ్యలుగా మాత్రమే కనబడుదురు. ఎన్ని నగరములను దహించితిమో, ఎన్ని వేలమందిని చెరపట్టితిమో, ఎందరి చేతులు నఱికించితిమో విజేతలు సగర్వముగా ఱాళ్లపై చెక్కించుకొనిరి గాని, చెరపట్టబడిన స్త్రీ ఆకలిని, బిడ్డ నగ్నత్వమును, నడువలేని వృద్ధుని పాదములను తలచిన శాసనము మిక్కిలి యరుదు. అట్టి యుగమునకు చెందిన వృత్తాంతమయ్యును, గెలిచిన పక్షమునకే చెందిన నాయకులు తమ సైన్యమునకు తామే అడ్డునిలిచి, బందీలను దాసులనుగా చేసికొనుట అపరాధమని పలికి, వారికి వస్త్రాన్నపానములొసగి స్వజనులకడకు చేర్చిన ఘట్టమొకటి హీబ్రూ పవిత్ర గ్రంథములలోని దినవృత్తాంతముల రెండవ గ్రంథమున, 28వ అధ్యాయమున, కలదు. యుద్ధనీతి చరిత్రలో ఈ ఘట్టమునకు దక్కవలసినంత ప్రసిద్ధి దక్కలేదు. దానిని కేంద్రముగా గైకొని, బందీల విషయమున ప్రాచీన ఇశ్రాయేలీయుల శాసనములును ప్రవక్తల పలుకులును ఎట్లుండెనో, వారి ఆచరణ అందుకు ఎంత దగ్గఱగను ఎంత దూరముగను నడిచెనో నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సొలొమోను మరణానంతరము, క్రీ. పూ. 930 ప్రాంతమున, ఇశ్రాయేలీయుల రాజ్యము రెండుగా చీలెను. ఉత్తరమున పది గోత్రములవారు ఇశ్రాయేలను పేరు నిలుపుకొని వేరు రాజ్యమును స్థాపించుకొనగా, దక్షిణమున దావీదు వంశీయులు యెరూషలేము రాజధానిగా యూదా రాజ్యమును పాలించిరి. ఉత్తరమున ఎఫ్రాయిము గోత్రము ప్రబలమైనది కావున ఆ రాజ్యమునంతను ఎఫ్రాయిమని వ్యవహరించుటయు గలదు. తొమ్మిదవ శతాబ్దమున ఒమ్రీ యను రాజు, షెమెరను వానియొద్ద రెండు తలాంతుల వెండికి ఒక కొండను కొని, దానిపై కట్టించిన షోమ్రోను నగరము నాటినుండి ఉత్తరరాజ్యమునకు రాజధాని యయ్యెను. తెలుగు బైబిలు పాత నిబంధనలో షోమ్రోనుగా కనబడు ఈ పేరే కొత్త నిబంధనలో సమరయ యను రూపమున ఒక దేశభాగమునకు చెల్లుచున్నది. ఉభయ రాజ్యములవారిదియు ఒకే భాష, ఒకే దైవము, ఒకే పూర్వికుల కథ. అయినను వారి నడుమ యుద్ధములు తరతరములుగా సాగుచునే యుండెను.

క్రీ. పూ. 745లో అష్షూరు సింహాసనము నధిష్ఠించిన మూడవ తిగ్లత్పిలేసెరు, ఓడిన జాతులను కుటుంబసమేతముగా పెకలించి దూరదేశములకు తరలించు పద్ధతిని రాజ్యతంత్రముగా స్థిరపఱచినవాడు. ఆతని నీడ పడమటికి ప్రాకిన కొలదిని ఉత్తరరాజ్యము లోలోపలనే శిథిలము కాజొచ్చెను. కొలది కాలములో ఆరుగురు రాజులు సింహాసనమెక్కగా, అందు నలుగురు తమ తరువాతివారి చేతులలో హతులైరి. వారిలో మెనహేమను వాడు తిప్సహు అను పట్టణము తనకు తలుపులు తెఱవలేదను ఆగ్రహమున అచటి గర్భిణీ స్త్రీల కడుపులు చీల్పించెనని రాజుల రెండవ గ్రంథము చెప్పుచున్నది; ఆతడే అష్షూరు రాజునకు వేయి తలాంతుల వెండిని చెల్లించుటకై రాజ్యమునందలి భాగ్యవంతులనుండి తలకు 50 తులముల చొప్పున వసూలు చేసెను. ఆతని కుమారుని రాజనగరునందే చంపి, గిలాదువారగు ఏబదిమంది సాయమున రాజైనవాడు రెమల్యా కుమారుడు పెకహు. ఈ పెకహు దమస్కు రాజగు రెజీనుతో కూడి అష్షూరునకు వ్యతిరేకముగా కూటమి కట్టి, అందు చేరుటకు నిరాకరించిన యూదా రాజు ఆహాజుపై క్రీ. పూ. 735 ప్రాంతమున దండెత్తెను. ఆహాజును తొలగించి టాబెయేలు కుమారుని అచట నిలుపవలెనని వారు తలపెట్టినట్లు యెషయా గ్రంథమువలన తెలియుచున్నది. చరిత్రకారులు దీనిని సిరియా–ఎఫ్రాయిము యుద్ధమని వ్యవహరింతురు.

ఈ యుద్ధమున యూదాకు కలిగిన నష్టమును దినవృత్తాంతకారుడు అతిభయంకరముగా వర్ణించెను. పెకహు ఒక్కదినముననే యూదావారిలో 1,20,000 మంది యోధులను హతము చేసెనట. ఎఫ్రాయిము శూరుడగు జిఖ్రీ యనువాడు రాజకుమారుడైన మయశేయాను, రాజగృహాధికారియగు అజ్రీకామును, రాజునకు ద్వితీయస్థానమున నున్న ఎల్కానాను వధించెనట. పిదప ఇశ్రాయేలు సైనికులు తమ సహోదరులగు యూదావారినుండి స్త్రీలను, కుమారులను, కుమార్తెలను 2,00,000 మందిని చెరపట్టి, విస్తారమైన కొల్లసొమ్ముతో షోమ్రోనునకు తరలించుకొని వచ్చిరట. ఆ చెరపట్టబడినవారిని గ్రంథకర్త ఆరంభముననే సహోదరులని పేర్కొనుట గమనింపదగినది. సైనికులు మఱచిన సంబంధమును కథకుడు మొదటి వాక్యమునుండియే మఱవనీయడు.

అపుడు షోమ్రోనునందు ఓదేదను ప్రవక్త యొకడు ఉండెను. ఆతడు సైన్యము నగరము చేరునంతవఱకు వేచియుండక, తానే ఎదురేగెను. ఆతని ప్రసంగము క్లుప్తమైనదే కాని దాని తర్కము గట్టిది. మీకు జయము కలుగుట మీ పుణ్యమువలన గాదు, యూదావారి తప్పిదములను బట్టి దైవమే వారిని మీ చేతికప్పగించెను. ఆ అధికారమును మీరు మితిమీఱ వినియోగించి, ఆకసమునంటు ఉగ్రతతో వారిని చంపితిరి. ఇపుడు మిగిలినవారిని దాసదాసీలనుగా చేసికొన దలచుచున్నారు. మీయందును దైవమునకు ప్రతికూలములైన అపరాధములు లేవా? కాన, చెరపట్టిన మీ సహోదరులను విడిచిపుచ్చుడు అని ఆతని వాక్యముల సారాంశము. ఓడినవారు నిర్దోషులని ప్రవక్త పలుకలేదు. యుద్ధమే అన్యాయమనియు వాదింపలేదు. దండనార్హుని దండించుటకు నియుక్తుడైనవాడు సైతము దండనకు హద్దు దాటినచో తానే దోషియగునని ఆతడు స్థాపించెను. శత్రువు తప్పు చేసినవాడు కాబట్టి వానియెడ నేమి చేసినను చెల్లునను వాదము నేటికిని వినవచ్చుచుండగా, ఆ వాదమును దాని మూలముననే ఖండించిన ఈ ప్రాచీన వచనము తలవంచి వినదగినది.

ఒక ప్రవక్త పలుకుటతో కథ ముగిసియుండినచో, హీబ్రూ గ్రంథములలోని అనేక ప్రవక్తృవచనములవలె ఇదియు ఒక గద్దింపుగా మిగిలిపోయెడిది. కాని వెంటనే ఎఫ్రాయిము పెద్దలలో నలుగురు లేచి యుద్ధమునుండి వచ్చుచున్నవారికి అడ్డముగా నిలిచిరి. యెహోహానాను కుమారుడు అజర్యా, మెషిల్లేమోతు కుమారుడు బెరెక్యా, షల్లూము కుమారుడు యెహిజ్కియా, హద్లాయి కుమారుడు అమాశా యని వారి పేళ్లను పితృనామసహితముగా గ్రంథకర్త నమోదు చేసెను. చెరపట్టబడినవారిని మీరు ఇచటికి తేరాదు, మా అపరాధము ఇదివఱకే అధికమై యున్నది, దానిని మఱింత పెంప జూచుచున్నారా యని వారు సైనికులతో పలికిరి. ఆయుధధారులు మాఱుపలుకక బందీలను, కొల్లసొమ్మును, ఆ పెద్దల యెదుటను సర్వసమాజము నెదుటను విడిచిరి.

ఈ ఘట్టమున రాజు ఎచటను కానరాడు. యుద్ధము పెకహుది, విజయము పెకహుది, బందీలు రాజధానికి వచ్చుచున్నారు. ఐనను బందీల భవితవ్యమును నిర్ణయించినవారు గోత్రపు పెద్దలును సమాజమును. పెకహు రాజహత్య చేసి, గిలాదువారి సాయమున సింహాసనమెక్కినవాడు. కప్పముల భారమును మోసినవారు దేశమునందలి భాగ్యవంతులైన కుటుంబముల పెద్దలు. అట్టిచోట ఎఫ్రాయిము నాయకుల మాటకు రాజాజ్ఞతో సమానమైన బలముండుట ఆశ్చర్యము గాదు. అంతకంటెను గమనింపవలసినది వారి వాదపు తీరు. వారు సైనికులను క్రూరులని నిందింపలేదు. మా అపరాధము అని పలుకుచు ఆ పాపములో తమకును భాగము గలదని యొప్పుకొనిరి. సైన్యము చేయు దౌర్జన్యమునకు నగరమున సుఖముగా కూర్చున్న పెద్దలు సైతము బాధ్యులను భావన ఇందు స్పష్టముగా కనబడుచున్నది. రణరంగమున పోరాడి వచ్చినవానికి కొల్లసొమ్మే జీతమైన ఆ కాలమున, ఆ జీతమును వదలుకొమ్మని ఆయుధధారులతో నిరాయుధులు పలుకుటకు ఎంతటి ధైర్యము వలయునో ఊహింపవచ్చును.

పిదప జరిగినదానిని గ్రంథకర్త ఒక్క వాక్యములో చెప్పెనేగాని, ఆ యొక్క వాక్యమునందు క్రియాపదములు వరుసగా దొరలి వచ్చును. పేరు పేరున నియమింపబడినవారు లేచి, బందీలను చేపట్టి, వారిలో వస్త్రహీనులైనవారికి కొల్లసొమ్ములోనుండియే వస్త్రములు తొడిగి, కాళ్లకు చెప్పులిచ్చి, అన్నపానములొసగి, తలలకు నూనె రాచి, బలహీనులను గాడిదలపై నెక్కించి, ఖర్జూరవృక్షముల పట్టణమను ప్రఖ్యాతిగల యెరికోకు వారి సహోదరులయొద్దకు చేర్చి, తాము షోమ్రోనునకు మరలి వచ్చిరి. విడుదల చేయుట వేఱు, ఇల్లు చేర్చుట వేఱు. కొండప్రాంతముననున్న షోమ్రోనునుండి, సముద్రమట్టమునకు ఎంతో దిగువన యోర్దాను లోయలోనున్న యెరికో వఱకు ఱాతిబాటలపై ఏటవాలుగా దిగవలసిన మార్గమది. చెప్పులు లేక, నీరు లేక, బలము లేక ఆ మార్గమున పంపబడిన స్త్రీబాలురకు విడుదల యనునది మరణశిక్షకు మాఱుపేరై యుండెడిది. కొల్లసొమ్మునే బందీల వస్త్రములకు వ్యయపఱచుట మఱియొక విశేషము: ఎవరినుండి అపహరింపబడినదో వారికే అది చేరెను.

నూనె ప్రస్తావన ఆ దేశకాలముల కనుగుణమైనది. నేడు సెబాస్టియా యను గ్రామమున్నచోట ప్రాచీన షోమ్రోను శిథిలములను త్రవ్విన హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులకు 1910లో సిరాతో వ్రాసిన కుండపెంకులు లభించెను. వానిలో చదువనైనవి 60కి పైగా కలవు. ఎనిమిదవ శతాబ్దమునకు చెందిన ఆ లిఖితములు పరిసర గ్రామములనుండి రాజధానికి వచ్చిన పాత ద్రాక్షారసమునకును మేలైన నూనెకును సంబంధించిన లెక్కలు. అందు అబీయెజెరు, హెలెకు, షెకెము వంటి కుటుంబశాఖల పేళ్లు కనబడుచున్నవి. రాజ్యవ్యవహారమునందు గోత్రశాఖల పెద్దలకు ఎట్టి స్థానముండెనో, నలుగురు పెద్దలు బందీల తలలకు రాచుటకు వెచ్చించిన నూనె ఏ తోటలనుండి వచ్చుచుండెనో ఈ పెంకులవలన మనము ఊహింపగలము.

ఈ వృత్తాంతము యొక్క చారిత్రకత్వమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. అదే యుద్ధమును వర్ణించిన రాజుల రెండవ గ్రంథమునందును యెషయా గ్రంథమునందును ఓదేదు ప్రసక్తిగాని బందీల విడుదల ప్రసక్తిగాని కానరాదు. దినవృత్తాంత గ్రంథము ఘటనకు మూడు నాలుగు శతాబ్దముల పిదప, పారసీకుల పాలనాకాలమున, కూర్పబడినదని పండితులలో పెక్కురి మతము. 2,00,000 అను సంఖ్య నాటి యూదా జనాభాతో పోల్చినచో నమ్మశక్యము కానిది. పురావస్తు పరిశోధకుల అంచనాలలో పెక్కు ఆ రాజ్యపు జనాభానంతటిని అంతకంటె తక్కువగనే నిర్ణయించుచున్నవి. క్రీ. పూ. 701లో యూదాపై దండెత్తిన అష్షూరు రాజు సనెహెరీబు సైతము తన శాసనమున 46 ప్రాకారనగరములను పట్టుకొని 2,00,150 మందిని వెడలగొట్టితినని చెప్పుకొనుటను బట్టి, ఇట్టి సంఖ్యలు ఆ కాలపు అతిశయోక్తి పద్ధతికి లోబడినవని యెంచుట సమంజసము. అయినను, ఏ కీర్తియు లేని నలుగురి పేళ్లను తండ్రుల పేళ్లతో సహా నిలుపుట చూడగా, గ్రంథకర్తకు ఏదో పూర్వాధారము లభించియుండవచ్చునని తలచు పండితులును గలరు. మాకును ఈ రెండవ మతమే యుక్తతరముగా తోచుచున్నది. సంఖ్యను తగ్గించినంతమాత్రమున కార్యపు విలువ తగ్గదు.

గ్రంథకర్త యుద్దేశమును కూడ తెలిసికొనవలెను. ఉత్తరరాజ్యము నశించి శతాబ్దములు గడచిన పిదప వ్రాయుచున్న ఆతడు, యెరూషలేము పక్షపాతియయ్యును, ఉత్తరదేశీయులు సహోదరులేయను భావమును తన గ్రంథమందంతట పెంచుచు వచ్చెను. రాజ్యము చీలిన తొలినాళ్లలో రెహబాము 1,80,000 మందితో ఉత్తరమువారిపై దండెత్తబోగా, షెమయా యను దైవజనుడు సహోదరులతో యుద్ధము చేయరాదని వారించి సేనను మరలించిన కథనాతడు సాదరముగా చెప్పెను. ఇచట దృశ్యము తిరుగబడినది: దక్షిణమున రాజైన ఆహాజు విగ్రహములకు ధూపము వేయుచుండగా, ధర్మమును నిలిపినవారు ఉత్తరదేశపు పెద్దలు. యెరూషలేమునందు కూర్చుండి షోమ్రోనువారిని ఇంతగా కొనియాడుటకు ఆ కాలమున ఉదారహృదయము వలయును.

నాయకులు ఏ శాసనమును ఆధారము చేసికొని పలికిరో గ్రంథమున చెప్పబడలేదు గాని, లేవీయకాండము 25వ అధ్యాయమున వారి వాదమునకు మూలమగు నియమము కలదు. పేదఱికమువలన అమ్ముడుపోయిన ఇశ్రాయేలీయుని దాసునిగా గాక కూలివానిగా చూడవలెననియు, సునాద సంవత్సరమున వానిని పిల్లలతో సహా విడిచిపుచ్చవలెననియు అది శాసించుచున్నది. ద్వితీయోపదేశకాండము సహోదరుని అపహరించి విక్రయించువానికి మరణదండన విధించినది; యజమానునొద్దనుండి పాఱిపోయి వచ్చిన దాసుని తిరిగి అప్పగింపరాదని మఱియొక నియమము చేసినది. అదే గ్రంథమున 21వ అధ్యాయము, యుద్ధమున చెరపట్టబడిన స్త్రీని పెండ్లాడ గోరు సైనికుడు ఆమెను తన యింటికి తెచ్చి, ఆమె తల్లిదండ్రులకై నెలదినములు విలపించుటకు అవకాశమిచ్చిన పిమ్మటనే భార్యగా స్వీకరింపవలెననియు, తరువాత ఆమెయందు ఇష్టము తప్పినచో ఆమె ఇచ్చవచ్చిన చోటికి పోనీయవలెను గాని వెలకు అమ్మరాదనియు విధించుచున్నది. ఆమె సమ్మతిని ఆ శాసనము అడుగలేదు. ఈ లోపము చిన్నది గాదు. కాని రణరంగముననే స్త్రీలను చెఱచి సంతలో అమ్ముట నిత్యకృత్యమైన కాలమున, సైనికుని కోర్కెకు ఆమె దుఃఖమును అడ్డుగోడగా నిలిపిన నియమమని దీనిని గుర్తింపవలెను.

ఓదేదునకు ఒక శతాబ్దము పూర్వమే, అదే షోమ్రోను నగరమున, బందీల ప్రాణములను కాపాడిన ప్రవక్త ఎలీషా. ఇశ్రాయేలుపై దాడులు చేయుచుండిన అరాము (సిరియా) సైనికులు ఆతనిని పట్టుటకు దోతాను పట్టణమును ముట్టడింపగా, వారు దృష్టి తప్పినవారై ఆతని వెంట నడచి షోమ్రోను నడిబొడ్డునకే వచ్చి చిక్కిరని రాజుల రెండవ గ్రంథము 6వ అధ్యాయము వర్ణించుచున్నది. శత్రువులు చేజిక్కిరని ఉప్పొంగిన రాజు, తండ్రీ, వీరిని హతము చేయుదునా యని ఆత్రముగా అడిగెను. వలదని ప్రవక్త వారించి, నీ కత్తితో వింటితో చెరపట్టినవారినైనను నీవు చంపుదువా యని ప్రశ్నించి, వారికి అన్నపానములు పెట్టించి తమ యజమానునొద్దకు పంపుమనెను. రాజు వారికి గొప్ప విందు చేసి పంపెననియు, తరువాత అరాము దండులు ఇశ్రాయేలు దేశములోనికి వచ్చుట మానెననియు గ్రంథము. ఓదేదు వాదము సహోదరత్వముపై నిలిచినది. ఎలీషా చేసిన మేలు పరజాతివారికి, ప్రత్యక్ష శత్రువులకు చేసినది. కాలమున ముందుదైన ఘటన పరిధిలో విశాలమైనదగుట చూడగా, మానవధర్మము కాలక్రమమున మెట్టు వెంబడి మెట్టుగా పైకెక్కుననెడి సిద్ధాంతము ఇచట చెల్లదని తెలియుచున్నది.

ఇశ్రాయేలు రాజులు దయగలవారను ప్రసిద్ధి పొరుగు దేశములందుండినట్లు రాజుల మొదటి గ్రంథము 20వ అధ్యాయమువలన తెలియుచున్నది. ఓడిపోయిన అరాము రాజు బెన్హదదు సేవకులు ఆ ప్రసిద్ధిని నమ్మియే నడుములకు గోనెపట్టలు, తలలకు త్రాళ్లు కట్టుకొని అహాబునెదుటికి వచ్చిరి. అహాబు బెన్హదదును సహోదరుడని సంబోధించి, రథముపై నెక్కించుకొని, ఒడంబడిక చేసికొని విడిచెను. అయితే ఒక ప్రవక్త అహాబును అందులకై కఠినముగా దూషించెను. ప్రవక్తలందఱును కరుణాపక్షపాతులనియు రాజులందఱును క్రూరులనియు విభజించుట ఎంత పొరపాటో చూపుటకు ఈ యొక్క కథ చాలును.

బందీల విషయమున దృష్టిని స్వజాతి యెల్లలు దాటించిన ప్రవక్తలలో అగ్రగణ్యుడు ఆమోసు. యూదాలోని తెకోవ గ్రామపు పశువుల కాపరియగు ఆతడు, ఎనిమిదవ శతాబ్ది మధ్యకాలమున ఉత్తరరాజ్యపు బేతేలు పుణ్యక్షేత్రమునకు వచ్చి ప్రవచించెను. ఆతని గ్రంథపు ఆరంభమున పొరుగు జాతులపై మోపిన నేరారోపణలన్నియు యుద్ధనేరములకు సంబంధించినవే: గాజావారు జనసమూహములనంతటిని చెరపట్టి ఎదోమునకు అప్పగించిరి, తూరువారు సహోదరనిబంధనను మఱచి అట్లే చేసిరి, అమ్మోనీయులు సరిహద్దులు పెంచుకొనుటకై గిలాదు గర్భిణీ స్త్రీల కడుపులు చీల్చిరి, మోయాబువారు ఎదోము రాజు ఎముకలను కాల్చి సున్నము చేసిరి. కడపటి నేరమున బాధితుడు ఇశ్రాయేలీయుడు గాడు, ఇశ్రాయేలు శత్రువైన ఎదోము రాజు. ధర్మశాస్త్రము నెఱుగని జాతులు సైతము శత్రువు దేహమునకు, బందీల ప్రాణమునకు మర్యాద చూపవలసినవారే యను భావము ఆమోసుచే ప్రకటింపబడినది. తరువాతి కాలమున యెరూషలేము పతనమైనపుడు అడ్డదారులలో నిలిచి పాఱిపోవువారిని పట్టి శత్రువులకప్పగించిన ఎదోమీయులను ఓబద్యా ఇదే న్యాయముతో దూషించెను.

ఇతర రాజ్యముల ఆచారములతో పోల్చి చూచినపుడు ఈ వచనముల విలువ హెచ్చును. క్రీ. పూ. తొమ్మిదవ శతాబ్దమున మోయాబు రాజు మేషా చెక్కించిన శిలాశాసనము 1868లో ధీబాను గ్రామమున వెలువడినది. ఇశ్రాయేలీయులనుండి నెబో పట్టణమును గెలిచి 7,000 మందిని తన దేవతకు అర్పణగా వధించితిననియు, ఇశ్రాయేలు బందీలచే తన నగరనిర్మాణమునకు పని చేయించితిననియు ఆతడు అందు చెప్పుకొనెను. అష్షూరు రాజు రెండవ అషుర్నాసిర్పాలు బందీలలో కొందఱిని దహించి, కొందఱి చేతులను ముక్కులను కోయించి, కొందఱి కన్నులు పెఱికించిన వార్తలను ప్రతిష్ఠాచిహ్నములుగా వ్రాయించెను. నీనెవెలోని సనెహెరీబు రాజభవనపు గోడలనుండి లండను బ్రిటిషు మ్యూజియమునకు చేరిన లాకీషు శిల్పములలో, ఎడ్లబండ్లపై కూర్చున్న స్త్రీబాలురు చెరకు పోవుచుండగా, పక్కనే పురుషుల చర్మమొలుచుచున్న దృశ్యము నేటికిని చూడవచ్చును.

షోమ్రోను నాయకుల కార్యము వారి రాజ్యమును కాపాడలేదు. ఆహాజు పిలుపునందుకొనిన తిగ్లత్పిలేసెరు దమస్కును పడగొట్టి, గలిలయను గిలాదును ఆక్రమించి, అచటి ప్రజలను అష్షూరునకు తరలించెను. పెకహును హోషేయ చంపెను. క్రీ. పూ. 722 ప్రాంతమున షోమ్రోను పడిపోగా, అచటినుండి 27 వేలకు పైగా జనులను చెరగొనిపోతినని రెండవ సర్గోను తన శాసనములలో చెప్పుకొనెను. బందీలను ఇంటికి చేర్చిన నగరపు జనులకు ఇంటికి చేర్చువారు లభింపలేదు.

అయినను ఆ భావము నశింపలేదు. క్రీ. పూ. 445లో పారసీక చక్రవర్తి అనుమతితో యెరూషలేమునకు వచ్చిన నెహెమ్యా, అప్పులకింద స్వజనుల బిడ్డలను దాసులనుగా చేసికొనుచున్న ప్రభువులను మహాసభలో నిలదీసి, అన్యులకు అమ్ముడుపోయిన సహోదరులను మేము విడిపించుచుండగా మీరు తిరిగి అమ్ముదురా యని అడుగగా వారు నిరుత్తరులైరి. క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా, బందీల విమోచనమును సమాజధర్మముగా గైకొని, లోకక్షేమము నిమిత్తము వెలకు మించి విమోచనధనమొసగరాదని కట్టడి చేసెను. పండ్రెండవ శతాబ్దపు ధర్మవేత్త మైమోనిడీసు బందీలను విడిపించుటకంటె గొప్ప ధర్మము లేదని నిర్ణయించెను. లూకా సువార్తలోని మంచి సమరయుని ఉపమానమును ఈ ఘట్టముతో పోల్చినవారు పెక్కురు. అచటను వస్త్రములు దోచుకొనబడి కొనప్రాణముతోనున్న మనుష్యుడు, అచటను నూనె, అచటను వాహనముపై నెక్కించి తీసికొనిపోవుట, అచటను యెరికో మార్గము, అన్నిటికిని మించి అచటను మేలు చేసినవాడు సమరయుడే. యేసు శ్రోతలు పూర్వగ్రంథములను ఎఱిగినవారు కావున, ఓదేదు కాలపు కథ వారి స్మృతిలో మెదలియుండునని తలచుట యుక్తము. తెలుగునాట ఆ ఉపమానము వినని క్రైస్తవ కుటుంబముండదు. దాని వెనుకనున్న ఈ పూర్వకథ మాత్రము చర్చివేదికలపై అంతగా వినబడదు.

ఇంతవఱకు చెప్పినది ఒక పార్శ్వము. అవే గ్రంథములలో రెండవ పార్శ్వమును గలదు; దానిని దాచుట చరిత్రకు ద్రోహము. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము దూరపు పట్టణములకు ముందుగా సంధి పలుకవలెనని చెప్పుచునే, కనాను పట్టణములలో ఊపిరిగల దేనిని బ్రదుకనీయవలదని శాసించుచున్నది. సంఖ్యాకాండము 31వ అధ్యాయమున మిద్యాను యుద్ధమునుండి స్త్రీబాలురను ప్రాణములతో తెచ్చిన సేనానాయకులపై మోషే కోపించి, మగపిల్లలను, పురుషసంగమెఱిగిన స్త్రీలను చంపుడని ఆజ్ఞాపించెను. అచట నాయకుడు ఎదిరించినది దౌర్జన్యమును గాదు, దయను. దావీదు మోయాబు బందీలను నేలపై పరుండబెట్టి త్రాడుతో కొలిపించి, రెండు కొలతలవారిని చంపి ఒక కొలతవారిని బ్రదుకనిచ్చెను. ఈ ఘట్టములను కాలధర్మమని త్రోసిపుచ్చుటకు వీలులేదు, ఏలయన అదే కాలధర్మములో ఎలీషాయు ఓదేదును వేఱు విధముగా పలుకగలిగిరి. ఓదేదు వాదమునకును ఒక హద్దు కలదు: బందీలు సహోదరులు కాకున్నచో ఆ నలుగురు పెద్దలు లేచియుండెడివారా యను ప్రశ్నకు ఆ గ్రంథము ఆశాజనకమైన సమాధానము నీయదు.

ఆ సందేహము ఊరక కల్పించినది గాదు. దినవృత్తాంతముల రెండవ గ్రంథముననే, మూడు అధ్యాయములకు ముందు, యూదా రాజు అమజ్యా ఉప్పు లోయలో ఎదోమీయులను 10,000 మందిని చంపి, మఱి 10,000 మందిని సజీవులుగా పట్టుకొని, ఒక కొండకొమ్మునకు తీసికొనిపోయి అచటినుండి పడద్రోయించెను. ఆ పిదప ఒక ప్రవక్త అమజ్యాయొద్దకు వచ్చి గద్దించెను గాని, ఆ గద్దింపు ఎదోమీయుల దేవతలను తెచ్చి పూజించినందులకే. కొండక్రింద తునాతునుకలైనవారిని గూర్చి ఒక్క మాటయు లేదు. బైబిలు చదువు తెలుగు పాఠకులు ఈ గ్రంథపు 25వ అధ్యాయమును 28వ అధ్యాయమును వేర్వేఱు దినములందు గాక ఒకే కూర్చుండుటలో చదువవలెనని మా కోరిక. మొదటిదానిలో బందీలకొఱకు లేచి నిలిచిన నాయకుడు ఒక్కడును కానరాడు, రెండవదానిలో అజర్యా, బెరెక్యా, యెహిజ్కియా, అమాశా కనబడుదురు.